కారవాన్ కారింది!

మారేడుమిల్లి అడవిలో పాట తీస్తున్నారు, వెళ్లి చూసి రాయమని సంపాదకులవారు నన్ను పంపారు. నేను చూసి వచ్చింది పాట కాదు, ఒక నీళ్ల ట్యాంకు! నిజమండీ. రెండు రోజుల అవుట్‌డోర్‌లో హీరోయిన్‌గారితో నేను మాట్లాడింది మహా అయితే పది నిమిషాలు. ఆవిడ కారవాన్ కింద ఎర్రమట్టి బురదలో వెల్లకిలా పడుకుని టార్చిలైటు పట్టుకున్నది మాత్రం గంటల లెక్క. చొక్కా ఇంకా ఉతికినా వదల్లేదు.

రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరాలంటే సుమారు ఎనభై అయిదు కిలోమీటర్లు. 2021లో ‘పుష్ప’ విడుదలయ్యాక ఆ అడవి పేరు తెలియని సినిమా అభిమాని లేడు. సెలవు రోజుల్లో కుర్రకారు బొంగులో చికెన్ కోసం బైకులేసుకుని బారులు తీరతారు. అక్కడ చెట్లకు కొదవ లేదు. వాగులకు కొదవ లేదు. యూనిట్‌లో వంద మంది వున్నప్పుడు కొదవ దేనికో తెలుసా? తలుపున్న బాత్‌రూముకి!

ఆ పాటలో హీరోయిన్‌తో పాటు పద్నాలుగు మంది డాన్సర్ అమ్మాయిలున్నారు. బురదలో ఆడే పాట. రెండు కారవాన్‌లు రావాల్సింది, ఒకటి రంపచోడవరం దాటకుండానే మొండికేసింది. హీరోగారికి ఆ రోజు పని లేదు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వచ్చిన ఒక్క కారవాన్ హీరోయిన్‌గారిది. మొదటి సాయంత్రమే ఆవిడ తన హెయిర్ డ్రెస్సర్ అక్కని పిలిచి, “అమ్మాయిలందరికీ చెప్పక్కా, మొహమాటపడొద్దని. ఇక్కడే వాడుకోమను” అన్నారట. నాకు చెప్పింది ఆ అక్కే. చెబుతున్నప్పుడు ఆవిడ కళ్లల్లో మెరుపు చూడాలి. ఆవిడ యీ లైనులోకొచ్చి చాలా ఏళ్లయింది. వెనకటి అవుట్‌డోర్ల సంగతి ఆవిడకి బాగా తెలుసు.

వెనకటి రోజులంటే గుర్తొచ్చింది. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదారి గట్టున ఒక నిద్రగన్నేరు చెట్టు వుండేది. ‘సినిమా చెట్టు’ అనేవారు దాన్ని. ఎన్ని సినిమాలకు, ఎంత మంది తారలకు నీడనిచ్చిందో! 2024 ఆగస్టులో కూలిపోతే వూరంతా చూడడానికి పోయింది. ఆ కాలంలో నటీనటులకి మేకప్ రూమూ అదే, విశ్రాంతి గదీ అదే. ఓ కుర్చీ, ఓ గొడుగు, ఓ విసనకర్ర. బట్టలు మార్చుకోవాలంటే నలుగురు ఆడవాళ్లు చుట్టూ చీరలు పట్టుకుని నిలబడేవారు. ఇక మిగతా అవసరాల మాటంటారా, పొద్దున్నించీ నీళ్లు తాగకుండా వుండడమే దానికి ఉపాయం. కారవాన్‌లొచ్చి నిర్మాతల ఖర్చు పెరిగిపోయిందని గొణిగే పెద్దలున్నారు. వాళ్లలో చీరల చాటున నిలబడి బట్టలు మార్చుకున్నవారు ఎందరున్నారో లెక్క తీయాలని నాకు ఎప్పట్నించో కోరిక!

పోనీ అదంతా పాత కథ అనుకుందామా? ఆ చెట్టు కూలిన 2024 ఆగస్టులోనే కేరళలో జస్టిస్ హేమ కమిటీ నివేదిక బయటికొచ్చింది. షూటింగుల్లో టాయిలెట్ లేక ఆడవాళ్లు గంటల తరబడి నీళ్లు తాగకుండా వుంటున్నారనీ, దానివల్ల జబ్బులు తెచ్చుకుంటున్నారనీ అందులో రాశారు. జూనియర్ ఆర్టిస్టుల పరిస్థితి మరీ అధ్వాన్నమనీ రాశారు. అంచేత, పాఠక మిత్రులారా, కారవాన్ అంటే ఏసీ, అద్దం చుట్టూ బల్బులు, సోఫా అనుకోకండి. ఆ అడవిలో ఆ పద్నాలుగు మందికి కారవాన్ అంటే ఒక తలుపు, ఒక గొళ్లెం, ఒక కుళాయి.

ఆ కుళాయే రెండో రోజు పొద్దున్న దెబ్బకొట్టింది.

ఆరు గంటలవేళ, మంచు ఇంకా విడలేదు. టీ గ్లాసు పట్టుకుని అటు వెళ్లేసరికి పెద్ద గొడవ. కారవాన్ కింద మడుగు! రాత్రి మూడొందల లీటర్లు నింపిన ట్యాంకు తెల్లారేసరికి సగం చూపిస్తోంది. ప్రొడక్షన్ మేనేజరుగారు క్లీనర్ కుర్రాణ్ణి నిలబెట్టి కడిగేస్తున్నారు. నీళ్లు లేకుండానే!

“రాత్రి కుళాయి వొదిలేసి పడుకున్నావురా? నూటయాభై లీటర్లు! రెండు రోజుల బేటా కట్. ఇంకోసారి జరిగితే బస్సెక్కించి పంపించేస్తా.”

“నేను కట్టే పడుకున్నాను సార్. బాబాయ్‌ని అడగండి” అంటున్నాడు వాడు. పంతొమ్మిదేళ్లుంటాయేమో. బేటా అంటే మీకు తెలుసుగా, రోజూ చేతికొచ్చే ఖర్చుల డబ్బు. అది పోతే వాడికి ఆ రెండు రోజులూ పోయినట్టే. మేనేజరుగారి రెండో ఆజ్ఞ ఇంకా గట్టిది: “మిగిలిన నీళ్లు మేడమ్‌కి మాత్రమే. తలుపుకి తాళం వెయ్. డాన్సర్లకి ఏదో ఏర్పాటు చూద్దాం.” ఆ ‘ఏదో’ అంటే ఏమిటో అందరికీ తెలుసు. అడవి! హెయిర్ డ్రెస్సర్ అక్క ఏమీ మాట్లాడలేదు. తాళంచెవి మాత్రం తన కొంగుకి కట్టేసుకుంది.

కారవాన్ డ్రైవరుగారు గోదావరి జిల్లా మనిషి. యాభై దాటిన వయసు, మాట నెమ్మది. “ఆయ్, కోప్పడకండి సార్. ఓ గంట టైమివ్వండి. కుళాయి తప్పో, కుర్రాడి తప్పో, ట్యాంకు తప్పో ట్యాంకే చెబుద్ది” అన్నాడు. ఆ మాట విన్నాక పాట సంగతి నేను మర్చిపోయాను. నేరం, నిందితుడు, దర్యాప్తు! సస్పెన్స్ చిత్రం చూడడానికి ఇంతకంటే ముందువరస సీటు ఎక్కడ దొరుకుతుంది?

ముందు మీకు కారవాన్ కడుపులో ఏముందో చెప్పాలి. వెనకవైపు పొడుగాటి దివాన్ వుంటుంది చూశారూ, దాని కింద ప్లైవుడ్ పెట్టెలో మంచినీళ్ల ట్యాంకు. దాని అడుగున గొట్టం, గొట్టానికి చిన్న పన్నెండు వోల్టుల పంపు. కుళాయి తిప్పితే పైపులో ఒత్తిడి తగ్గి పంపు దానంతట అదే గుర్రుమంటుంది. కట్టేస్తే ఒత్తిడి పెరిగి ఆగిపోతుంది. వాడిన నీళ్లు కిందనున్న వేరే ట్యాంకులోకి పోతాయి. అంటే మడుగు కట్టిన నీళ్లు మూడు చోట్ల నించి రావొచ్చు. పంపు దాటాక పైపుల్లోంచి, మంచినీళ్ల ట్యాంకులోంచి, లేదా వాడిన నీళ్ల ట్యాంకులోంచి.

డ్రైవరుగారు కుళాయిలన్నీ బిగించి పంపు స్విచ్ వేశాడు. గుర్ర్... అని మోగి ఆగిపోయింది. “ఇప్పుడు చెవులు రిక్కించండి” అన్నాడు. పది నిమిషాలు కూర్చున్నాం. పంపు కిక్కురుమనలేదు. పైపులో ఎక్కడ కారినా, కుళాయి ఏ కొంచెం వదులుగా వున్నా, ఒత్తిడి పడిపోయి పంపు మధ్యమధ్య ‘టక్... గుర్ర్’ అని లేవాలి. లేవలేదు కాబట్టి పైపులు శుద్ధం. కుళాయిలు శుద్ధం. అంటే కుర్రాడూ శుద్ధమే! వాడి మొహం కాస్త తేటపడింది. కానీ మేనేజరుగారు ఒప్పుకోలేదు. “రాత్రి తెరిచి, పొద్దున్న కట్టేసి వుండొచ్చుగా?” న్యాయమైన అనుమానమే, కాదనను.

రెండో పరీక్షకి వంటవాళ్ల దగ్గరికి పరుగెత్తింది నేనే. కేసరి రంగు తెచ్చాను, హల్వాలో వేసేది. చిటికెడు వాష్ బేసిన్‌లో వేసి రెండు మగ్గుల నీళ్లు పోశాం. కింద కారే నీళ్లు కాషాయం రంగుకి తిరిగితే దోషి వాడిన నీళ్ల ట్యాంకు. కాసేపు చూశాం. బొట్లు తెల్లగానే పడుతున్నాయి. రంగు మంచినీళ్లలో కలపలేదు సుమా! కలిపివుంటే హీరోయిన్‌గారు నారింజ రంగు మొహంతో షాటుకి వచ్చేవారు.

ఇక మిగిలింది మంచినీళ్ల ట్యాంకు. దివాన్ మీద పరుపు తీసి, ప్లైవుడ్ మూత విప్పారు. నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు, చుట్టూ ఇనప పట్టీలు. అడుగున గొట్టం తగిలించే ట్యాంక్ నిపుల్ దగ్గర ఎమ్‌సీల్ ముద్దలు ముద్దలుగా, చీమల పుట్టలా! ఎప్పుడో ఎవరో కారుతోందని అద్దారు. ఆగలేదని మళ్లీ అద్దారు. ఇప్పుడూ అక్కడే తడి. “ఇదిగో, నిపులే!” అన్నాను డిటెక్టివ్‌లా.

డ్రైవరుగారు నవ్వాడు. “తడి వున్న చోటల్లా చిల్లు వుండదండి. నీళ్లు పైన బయల్దేరి కిందకి జారతాయి కదండీ. నిపుల్ దగ్గర చిల్లయితే ట్యాంకు మొత్తం ఖాళీ అయిపోవాల. సగం దగ్గర ఎందుకాగిందంటారు?”

నాకు బుర్రలో లైటు వెలిగింది. నీళ్లు చిల్లు మట్టం దాకా దిగి ఆగిపోయాయి! ట్యాంకు సగంలో ఆగిందంటే చిల్లు సగంలో వుంది. మన అమ్మమ్మలు కుండ బీటని కనిపెట్టే తెలివే ఇది. మేనేజరుగారి అనుమానానికి జవాబు కూడా అక్కడే దొరికింది. కుళాయి వొదిలేస్తే నీళ్లు సగంలో ఎందుకు ఆగుతాయి?

సరిగ్గా ఎక్కడో తేల్చడానికి కావలసినది మేకప్ పెట్టెలో దొరికింది. ఫేస్ పౌడర్! ట్యాంకు గోడని పొడిబట్టతో శుభ్రంగా తుడిచి, మెత్తటి పౌడర్ పల్చగా అద్దారు. మేకప్‌మాన్‌గారే స్వయంగా పఫ్‌తో అద్దారు, హీరోయిన్‌కి అద్దినంత శ్రద్ధగా. ఆ తర్వాత పైనించి రెండు బకెట్లు పోశారు. నిమిషం గడిచింది. తెల్లటి పౌడర్ మీద సన్నటి గీత ఒకటి మొదలై, కన్నీటి చారలా జారి, తిన్నగా నిపుల్ మీదున్న ఎమ్‌సీల్ ముద్ద దగ్గరికి వెళ్లి ఆగింది. గీత ఎక్కడ మొదలైందో అక్కడ, ఇనప పట్టీ అంచున, రెండంగుళాల వెంట్రుక బీట. వేలితో నొక్కితే నోరు తెరుస్తోంది, వొదిలితే మూసుకుంటోంది.

దొంగ దొరికాడు. కానీ దొంగని తయారుచేసిందెవరు?

బీట చుట్టూ ప్లాస్టిక్ పాలిపోయి, తెల్లబడి వుంది. ఒక తీగని అటూ ఇటూ వంచుతూ వుంటే విరుగుతుందే, అలాగ యీ గోడ చాలాసార్లు వుబ్బి, చాలాసార్లు లోపలికి పీక్కుపోయిందన్నమాట. ఎందుకు వుబ్బాలి? డ్రైవరుగారు బయటికెళ్లి, నీళ్లు నింపే మూతి పక్కనున్న సన్న గొట్టంలో పుల్ల పెట్టి తిప్పాడు. మట్టి రాలింది. కుమ్మరి పురుగు గూడు! ట్యాంకు ఊపిరి తీసుకునే ముక్కు అది. నీళ్లు లోపలికొస్తుంటే గాలి దాన్లోంచి బయటికి పోవాలి. పంపు నీళ్లు లాగుతుంటే గాలి దాన్లోంచి లోపలికి రావాలి. ముక్కు మూసేస్తే నింపినప్పుడల్లా వుబ్బుతుంది, వాడినప్పుడల్లా డొక్క లోపలికి పోతుంది. ఇన్ని నెలలు పట్టీ అంచున ఒకే చోట మడత పడి పడి చివరికి చిట్లింది.

“అయినా నింపే మూతి పక్కనించి గాలి పోవాలి కదా?” అని అడిగాను.

కుర్రాడు మెల్లిగా అన్నాడు: “పోదు సార్. ట్యాంకరు మోటారు వేసినప్పుడు నీళ్లు చిమ్ముతున్నాయని, గొట్టం చుట్టూ గుడ్డ కుక్కి బిగించమన్నారు. అలాగైతే తొందరగా నిండుతుందని.”

“ఎవరన్నారు?”

వాడు మాట్లాడలేదు. మేనేజరుగారు అప్పటికే సెల్‌ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ చెట్ల చాటుకి నడుస్తున్నారు.

టైము ఎనిమిది. తొమ్మిదికి మొదటి షాటు. ఎవరో ఎమ్‌సీల్ తెస్తామన్నారు, ఎవరో ఎరాల్డైట్ అన్నారు. డ్రైవరుగారు రెండూ వొద్దన్నాడు. కారణం మీకూ పనికొస్తుంది, మీ ఇంటి మీద నల్లట్యాంకు వుంటుందిగా. ఆ ప్లాస్టిక్ పేరు పాలిథిలిన్. దానికి ఏ జిగురూ సరిగ్గా అంటదు. పైకి పట్టినట్టే వుంటుంది, రెండు రోజుల్లో పెచ్చులా లేచొస్తుంది. క్షణంలో అతుక్కునే జిగుర్లని తరచు యీ ప్లాస్టిక్ సీసాల్లోనే అమ్ముతారు, లేకపోతే జిగురు సీసాకే అతుక్కుపోదూ! నిపుల్ చుట్టూ వున్న పుట్టని గోటితో గీరితే అప్పడంలా వూడిపడింది. దాని వెనక నిపుల్ నిక్షేపంలా వుంది. పాపం, ఇన్నాళ్లూ చెయ్యని నేరానికి శిక్ష అనుభవించింది. కుర్రాడు దాన్ని చూసి మొదటిసారి నవ్వాడు.

“అయితే ఇవాళ్టికి ఏమిటి దారి?” అంది హెయిర్ డ్రెస్సర్ అక్క.

“ఏముందమ్మా, సగం దాకానే నింపుకుందాం. సగానికి కింద ట్యాంకుకి ఏ లోటూ లేదు. మద్దినేళ ట్యాంకరు వచ్చినప్పుడు ఇంకోసారి. రాత్రి ప్యాకప్ అయ్యాక అతుకుతాను.”

ఇంత తేలికా! గంటన్నర గొడవకి జవాబు ‘సగం దాకానే నింపండి’. నేనైతే ఆ నీళ్లన్నీ తోడేయించి, ట్యాంకు పీకించి, రాజమండ్రికి జీపు పంపించేవాణ్ణి.

లెక్క వేశారు. పదిహేను మంది, పూటకి నూటయాభై లీటర్లకి కాస్త తక్కువ. మనిషికి పది లీటర్లు కూడా రావు. బురద కడుక్కోవడానికి కారవాన్ నీళ్లు వాడొద్దని, దానికి బయట డ్రమ్ము పెట్టించారు. లోపలి నీళ్లు లోపలి అవసరానికే. అక్క కొంగు ముడి విప్పి తాళంచెవి బయటికి తీసింది. ఆ రోజంతా కారవాన్ తలుపు దగ్గర స్టూలేసుకుని కూర్చున్నది ఆవిడే. ఒక్కొక్క అమ్మాయి లోపలికి వెళ్లేముందు, “మంచినీళ్లు తాగుతున్నావా లేదా?” అని అడగడం నేను రెండు మూడుసార్లు విన్నాను. ఒకమ్మాయి “భయమేసి తాగలేదక్కా” అంటే, ఆవిడే సీసా చేతికిచ్చి, తాగేదాకా పక్కనే నిలబడింది. హీరోయిన్‌గారు కూడా షాట్ల మధ్య అదే వరసలో నిలబడ్డారు. ఇది చూసి యూనిట్ వాళ్లు చప్పట్లు కొట్టారని రాస్తే మీరు నమ్ముతారేమో గానీ, ఎవరూ కొట్టలేదు. ఎవరి పని వాళ్లకి వుంది.

ఆ పాట ఎలా వచ్చిందంటారా? బురద బాగా వచ్చింది! మిగతాది తెర మీద చూద్దురుగాని.

రాత్రి ఎనిమిదికి ప్యాకప్. జనరేటరు వెలుతురులో అసలు చికిత్స మొదలైంది. ప్లాస్టిక్‌ని అతికించలేం కానీ కరిగించి కలపొచ్చు. దానికి కావలసిన వేడిగాలి గన్ ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ల దగ్గర వుంది. మరి కరిగించి పోయడానికి ముక్క? ఏదో ఒక ప్లాస్టిక్ పనికిరాదు. జాతి కలవాలి. బకెట్ ముక్క తెచ్చి వేస్తే పట్టకపోవచ్చు. డ్రైవరుగారు టూల్ బాక్స్ అడుగునించి గుడ్డలో చుట్టిన ఒక నల్లటి బిళ్ల తీశాడు, అప్పడమంత. కారవాన్ కట్టిన రోజున, లోపల కడుక్కోవడానికని ట్యాంకు పైన గుండ్రంగా మూత కోశారట. అప్పుడు వూడిన ముక్క అది. “పారేస్తుంటే ఎందుకో దాచానండి. దీని వొంట్లో ముక్కే దీనికి మందు.” నాకు ఆ క్షణంలో ఆ మనిషి చెయ్యి పట్టుకుని వూపాలనిపించింది.

బిళ్లని కత్తెరతో సన్నటి పట్టీలుగా కోశారు. నీళ్లు బీటకి బాగా కిందికి దించారు. పరుపు, స్పాంజీ, తెరలు అన్నీ బయట పడేసి, కిటికీలు తెరిచి, మంటలార్పే సిలిండరు పక్కన పెట్టుకున్నారు. వేడిగాలికి దగ్గర్లో స్పాంజీ వుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మొదట బీట రెండు చివరలా సన్న డ్రిల్లుతో చిన్న చిల్లులు వేశాడు. కారేదానికి ఇంకో రెండు చిల్లులేమిటని ఆశ్చర్యపోయాను. బీట మొన దగ్గరే లాగుడంతా పోగుపడుతుంది. అందుకే అది పాకుతుంది. మొన గుండ్రంగా అయిపోతే ఆ పోగుపడ్డ బలం చెదిరి బీట అక్కడే ఆగుతుంది. ఆ తర్వాత బీట పొడుగునా కత్తితో చిన్న కాలవలా గీసి, చుట్టూ పైపొర గీకాడు. చెమ్మ ఒక్క చుక్క లేకుండా ఆరబెట్టాడు.

ఆ పైన అంతా చేతివాటం. యీ ప్లాస్టిక్ కరిగేది సుమారు నూటయిరవై అయిదు డిగ్రీల దగ్గర. గన్ లోంచి వచ్చే గాలి అంతకి రెట్టింపు పైనే. అంచేత గన్‌ని ఒక్కచోట నిలపకుండా చిన్నగా వూపుతూ, గోడనీ పట్టీనీ రెంటినీ ఒకేసారి వేడి చేయాలి. రెండూ కలిసి నిగనిగలాడగానే పట్టీని కాలవలోకి నొక్కాలి. పొగ లేచిందంటే మాడింది, మళ్లీ గీకి మొదలెట్టాల్సిందే. ఒకసారి లేచింది కూడా! డ్రైవరుగారు పళ్లు కొరికాడు గానీ చెయ్యి వొణకలేదు. ఒక వరస అయ్యాక దాని మీద అడ్డంగా ఇంకో వరస. టార్చి పట్టుకున్న నా చెయ్యి మాత్రం పక్షవాతం వచ్చినట్టు అయిపోయింది. నేను నీళ్లు చల్లి చల్లార్చుదామంటే కుర్రాడే వారించాడు, “వొద్దు సార్, దానంతటదే ఆరాలి. లేకపోతే మళ్లీ చిట్లుద్ది.” బాబాయ్ దగ్గర వాడు నేర్చుకుంటున్నాడని అప్పుడు అర్థమైంది.

పట్టీ గుచ్చుకున్న చోట రబ్బరు ముక్క పెట్టి బిగించారు. మూడొందల లీటర్లంటే మూడొందల కిలోలు కదా. ఘాట్ రోడ్డు మలుపుల్లో అది ఒక పక్కకి వొరిగితే పట్టీ అంచు కత్తిలా పనిచేస్తుంది. అందులోనూ సగం నిండిన ట్యాంకు మరీ ప్రమాదం, నీళ్లు అటూ ఇటూ ఢీకొడతాయి. సినిమాలో సముద్రం సీనుకి ట్యాంకులో అలలు లేపుతారు చూడండి, అలాగ. గాలి గొట్టం శుభ్రం చేసి, మూతికి స్టీలు టీ వడపోత జాలీ ముక్క కట్టారు. కుమ్మరి పురుగుగారు ఇక వేరే ఇల్లు చూసుకోవలసిందే.

రాత్రి పదకొండుకి నీళ్లు నిండా నింపి, మళ్లీ పౌడర్ అద్ది పడుకున్నాం. తెల్లారి అయిదున్నరకి నేనే ముందు లేచి పరుగెత్తాను, రిజల్ట్స్ చూసే విద్యార్థిలా. పౌడర్ పొడిగా, చెక్కుచెదరకుండా వుంది. ఇండికేటరు నిండుగా చూపిస్తోంది.

అయితే పని ఇంకా అయిపోలేదు. ట్యాంకు విప్పి చేతులు పెట్టాక, ప్లాస్టిక్ గీకాక, ఆ నీళ్లు అలాగే వాడేయకూడదు. షూటింగు మధ్యాహ్నం మొదలవుతుంది కాబట్టి టైము వుంది. అయిదు శాతం హైపోక్లోరైట్ ద్రావణం, అదే ఆస్పత్రుల్లో నేల తుడిచే క్లోరిన్ నీళ్లు, మూడొందల లీటర్లకి మూడొందల మిల్లీలీటర్లు కలిపారు. పరిమళం కలిపిన రకం కాదు, వుత్తది. ప్రతి కుళాయీ తిప్పి వాసన వచ్చేదాకా వొదిలి, నాలుగు గంటలు వుంచారు. ఆ నీళ్లని అక్కడే పారబోద్దామని ఒకరు సలహా ఇచ్చారు. పక్కనే పాములేరు వాగు. డ్రైవరుగారు ససేమిరా అన్నాడు. ఖాళీ డ్రమ్ముల్లోకి తోడించి, తిరుగు ప్రయాణంలో తీసుకెళ్దామన్నాడు. “ఆ వాగు నీళ్లు తాగేవోళ్లుంటారండి.”

మేనేజరుగారు పదింటికి వోచర్ల పుస్తకం తీసుకుని వచ్చారు. కుర్రాడి పేరు దగ్గర ఆగారు. నేను కావాలనే పక్కన నిలబడ్డాను, పెన్నూ నోట్‌బుక్కూ కనపడేలా. ఏమీ అనకుండా రెండు రోజుల బేటా రాసి సంతకం పెట్టించుకున్నారు. క్షమాపణ లాంటిదేమీ లేదు. కుర్రాడు ఆశించినట్టూ లేదు. డబ్బు లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

పదకొండున్నరకి ట్యాంకరు వచ్చింది. ట్యాంకు ఒకసారి మంచినీళ్లతో కడిగి, మళ్లీ నింపాలి. డాన్సర్ అమ్మాయిలు అప్పుడే వ్యాను దిగుతున్నారు. “త్వరగా, త్వరగా! గుడ్డ కుక్కు, చిమ్ముతున్నాయ్!” అని దూరం నించి కేక. ఎవరి గొంతో నేను రాయను.

కుర్రాడు గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. ఒక్క క్షణం ఆలోచించాడు. దాన్ని భుజం మీద వేసుకుని, గొట్టం వదులుగానే పెట్టి, నీళ్ల ధార కాస్త తగ్గించమని ట్యాంకరతనికి సైగ చేశాడు. చొక్కా సగం తడిసింది. రెండో చేతి అరచెయ్యి గాలి గొట్టం మూతి దగ్గర పెట్టి నిలబడ్డాడు.

“వస్తోంది బాబాయ్, గాలి” అన్నాడు.